పంపు గోడకు చిల్లు లేకుండా

కంప్యూటరును నీళ్లతో చల్లబరిచే లిక్విడ్ కూలింగ్ పంపులో ఉండి తీరాల్సినవి మూడే: నీళ్లను తోసే బ్లేడ్ల చక్రం, అంటే ఇంపెల్లరు, దాన్ని తిప్పే అయస్కాంత బలం, నీళ్లు పట్టి ఉంచే గిన్నె. మామూలు మోనోబ్లాక్ పంపు విప్పితే వీటితోపాటు షాఫ్టు, రెండు బాల్ బేరింగులు, మెకానికల్ సీలు, దాని స్ప్రింగు, రబ్బరు బెల్లో కూడా వరసగా బయటపడతాయి. మోటారును పొడిలో, ఇంపెల్లరును తడిలో పెట్టి, రెంటికీ మధ్య గోడకు చిల్లు పొడిచినందుకు కడుతున్న కిస్తీలివన్నీ. చిల్లు పూడిస్తే సగం సామాను దానంతటదే పోతుంది. అయితే ఏదీ ఊరికే పోదు. పోయిన ప్రతి భాగం చేసే పనిని ఇంకెవరో నెత్తిన వేసుకోవాలి. అది ఎవరి మీద పడుతోందో చూసుకోకుండా భాగాలు తగ్గించుకుంటూ పోతే ఆర్నెల్లు తిరక్కుండానే పంపు పట్టేస్తుంది.

లెక్క కోసం ఒక వర్క్‌స్టేషన్ తీసుకుందాం. ప్రాసెసరు 250 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 450 వాట్లు, మొత్తం 700. నీటి విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి 4,186 జౌల్స్. దాన్ని 60తో భాగిస్తే 70 వస్తుంది. అంటే నిమిషానికి ఒక లీటరు చొప్పున పారే నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 70 వాట్లు మోసుకుపోయినట్టు. ఈ 70 ఒక్కటి గుర్తుంటే చాలు, మిగతాదంతా నోటిలెక్కే. నిమిషానికి 4 లీటర్లు పారితే 700 వాట్లకు నీళ్లు వేడెక్కేది 2.5 డిగ్రీలు. పంపు మార్చి 8 లీటర్లు పారించామనుకోండి, 1.25 డిగ్రీలు. బ్లాకులో, అంటే చిప్పు మీద కూర్చుని దాని వేడిని నీళ్లకు అందించే రాగి ముక్కలో, వేడి అందుకోవడం ఇంకాస్త మెరుగవుతుంది గానీ మొత్తం లాభం డిగ్రీ, డిగ్రీన్నర దాటదు. దానికోసం అదే లూపులో (నీళ్లు తిరిగే మూసిన దారిలో) పంపు పెట్టే శక్తి ఎనిమిదింతల దాకా పోతుంది. నాలుగైదు లీటర్ల దగ్గర ఆగిపోవడమే తెలివి.

తర్వాత హెడ్డు, అంటే పంపు నీళ్లను ఎంత ఎత్తుకు తోయగలదన్న లెక్క. ఇక్కడే చాలామంది అవసరానికి మించిన పంపు కొంటారు. మేడ మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారుకు ఎన్ని అడుగులన్న లెక్క కావాలి, ఎందుకంటే ఎక్కిన నీళ్లు అక్కడే ఉండిపోతాయి. మూసిన లూపులో ఎక్కిన నీళ్లే మళ్లీ దిగుతాయి. దిగేటప్పుడు వాటి బరువే ఎక్కే నీళ్లను లాగుతుంది. రేడియేటరు పంపుకు అడుగు పైనున్నా నాలుగడుగుల పైనున్నా నడిచేటప్పుడు తేడా లేదు. ఎత్తు పని పడేది మొదటిసారి నీళ్లు నింపేటప్పుడే. నడిచేటప్పుడు పంపు జయించాల్సింది రాపిడి ఒక్కదాన్నే.

ఆ రాపిడి ఎక్కడెక్కడ ఉందో చూద్దాం. లోపలి వ్యాసం 10 మి.మీ. ఉన్న గొట్టంలో నిమిషానికి 4 లీటర్లంటే నీటి వేగం సెకనుకు 0.85 మీటర్లు. మీటరు గొట్టానికి పోయే పీడనం 1.1 కిలోపాస్కల్, మూడు మీటర్లకు 3.3. సరిగ్గా 90 డిగ్రీలు మడిచిన ఎల్బో ఒక్కోటి 0.35 నుంచి 0.4 దాకా తింటుంది. పది ఎల్బోలు పెడితే మూడు మీటర్ల గొట్టం కంటే ఎక్కువే. చూడ్డానికి అందంగా ఉంటుందని గట్టి గొట్టాలతో పదీ పన్నెండు మలుపులు తిప్పేవాళ్లు పంపును తిట్టుకుని లాభం లేదు. రెండు బ్లాకులకు కలిపి 15, రేడియేటర్లకు 4 అనుకుంటే, ఎల్బోలు వదిలేసి గొట్టంతో కలిపి మొత్తం 22 కిలోపాస్కల్స్, అంటే సుమారు 2.3 మీటర్ల నీటిమట్టం. బ్లాకుల అంకె ఒక్కో మోడలుకూ ఒక్కోలా ఉంటుంది, డేటాషీటులో గ్రాఫు చూసి వేసుకోండి. 10 మి.మీ. గొట్టం బదులు 8 వాడితే గొట్టంలో నష్టం మూడింతలవుతుంది, ఎందుకంటే అది వ్యాసానికి అయిదో ఘాతంతో ముడిపడి ఉంది. గొట్టం లావు పెంచడానికి అయ్యేది కొద్ది రూపాయలు. పంపు హెడ్డు పెంచాలంటే వేగం, వేడి, చప్పుడు, కరెంటు అన్నీ పెరుగుతాయి.

నాలుగు లీటర్లు, 22 కిలోపాస్కల్స్. నీటి మీద నిజంగా పడే శక్తి ఇంతాచేస్తే వాటున్నర. పంపు సామర్థ్యం 15 శాతమే అయినా 10 వాట్లతో పని అయిపోతుంది. 20 శాతానికి పెంచితే ఏడున్నర వాట్లు. ఆ రెండున్నర వాట్ల కోసం శంఖంలా మెలి తిరిగే కేసింగు, రెండు వైపులా వంపు ఉన్న బ్లేడ్లు, నీళ్లు వెనక్కి జారకుండా ఆపే సన్నటి వేర్ రింగులు ఎందుకు? గుండ్రటి గిన్నె, పక్కనుంచి స్పర్శరేఖలా బయటికి తీసిన రంధ్రం, ముందువైపు మూత లేని ఇంపెల్లరు, అయిదారు బ్లేడ్లు చాలు. గుండ్రటి గిన్నెను లేతులో తిప్పి కోసేయవచ్చు. శంఖాకారానికి మిల్లింగు కావాలి.

ఇంపెల్లరు సైజు కూడా కాగితం మీదే వస్తుంది. 2.3 మీటర్లను 9.81తో హెచ్చించి, హెడ్ గుణకం (అంచు వేగంలో ఎంత హెడ్డుగా మారుతుందో చెప్పే అంకె) 0.5తో భాగిస్తే 45. దాని వర్గమూలం 6.7, అంటే ఇంపెల్లరు అంచు సెకనుకు 6.7 మీటర్ల వేగంతో తిరగాలి. నిమిషానికి 3,600 చుట్లయితే వ్యాసం 36 మి.మీ., 4,800 చుట్లయితే 27. చిన్నదాన్ని వేగంగా తిప్పితే చక్రం నీటితో రాసుకుని పోగొట్టుకునే శక్తి దాదాపు సగానికి తగ్గుతుంది. పెద్దదాన్ని నెమ్మదిగా తిప్పితే చప్పుడూ బేరింగు అరుగుదలా తగ్గుతాయి. టేబుల్ పక్కన పెట్టుకునే మిషన్ అయితే నేను 36 మి.మీ. వైపే మొగ్గుతాను. బ్లేడ్ల ముందు అంచుకూ మూతకూ మధ్య సందు 0.3 నుంచి 0.5 మి.మీ. లోపు ఉండాలి, ఒక మి.మీ. దాటితే నీళ్లు అక్కడక్కడే చుట్టూ తిరుగుతాయి, హెడ్డు పడిపోతుంది.

ఇప్పుడు చిల్లు దగ్గరికి వద్దాం. మెకానికల్ సీలంటే కార్బన్ రింగు ఒకటి, సిరామిక్ రింగు ఒకటి, ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ తిరగడం. మధ్యలో ఉండే సన్నటి నీటి పొరే వాటికి కందెన. పంపు పొడిగా తిరిగితే ఆ పొర పోయి, ముఖాలు కాసేపట్లోనే కాలి గీతలు పడతాయి. బాగున్న సీలు కూడా ఆవిరి రూపంలో కొంచెం కొంచెం వదులుతూనే ఉంటుంది. పొలం మోటారు దగ్గర నాలుగు చుక్కలు కారితే ఎవరూ పట్టించుకోరు. మదర్‌బోర్డు మీద ఒక్క చుక్క చాలు.

దీనికి మందు మనవాళ్లకు తెలిసిందే. బోరులోకి దించే సబ్‌మెర్సిబుల్ మోటారును దించే ముందు దాని లోపల మంచినీళ్లు నింపుతారు. నీళ్లను మోటారులోకి రానివ్వకూడదన్న పట్టుదల వదిలేసి, వైండింగు తీగకే ప్లాస్టిక్ తొడుగు వేశారు. కూలింగ్ పంపులో అంత దూరం కూడా పోనక్కర్లేదు. రోటరును, అంటే తిరిగే అయస్కాంతాన్ని మాత్రం నీళ్లలో వదిలి, దాని చుట్టూ కప్పులాంటి సన్నటి గోడ పెట్టి, వైండింగును గోడకు అవతల పొడిగా ఉంచుతారు. అయస్కాంత బలం గోడ దాటిపోతుంది, నీళ్లు దాటవు. సీలు లేదు. మిగిలింది కదలకుండా కూర్చునే ఒక ఓ-రింగు (రబ్బరు వలయం), దానికి అరుగుదలే లేదు.

మరి సీలు పోయిన బరువు ఎవరి మీద పడింది? మొదట అయస్కాంతం మీద. మామూలు మోటారులో రోటరుకూ స్టేటరుకూ (కదలని వైండింగు భాగానికీ) మధ్య గాలి సందు అర మి.మీ. అనుకుంటే, ఇక్కడ గోడ మందమూ దానికి రెండు పక్కలా సందులూ కలిపి ఒకటిన్నర, రెండు మి.మీ. అవుతుంది. అంత దూరం లాగడానికి గట్టి అయస్కాంతం కావాలి. నియోడిమియం గట్టిదే కానీ నీళ్లు తగిలితే తుప్పు పట్టి పొడి అవుతుంది. ప్లాస్టిక్ పోతలో పూర్తిగా కప్పేయాలి, ఆ పోతకు ఒక్క పగులు వచ్చినా అంతే. ఫెర్రైట్‌కు తుప్పు బెడద లేదు, బలం తక్కువ, సైజు పెరుగుతుంది. నీళ్లలో ఏళ్ల తరబడి ఉండాల్సిన చిన్న పంపుకు ఫెర్రైట్ మంచి ఎంపిక. రెండోది గోడ. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తే అందులో కరెంటు సుడులు (ఎడ్డీ కరెంట్లు) పుట్టి, వేడెక్కి, శక్తి పోతుంది. గాజు పీచు కలిపిన పీపీఎస్ లాంటి ప్లాస్టిక్‌లో ఆ నష్టం లేదు. మూడోది, అన్నిటికంటే బరువైనది: నీళ్లు. ఇకనుంచి బేరింగుకు కందెన నీళ్లే. కాబట్టి నీళ్ల శుభ్రత కూడా పంపు డిజైన్‌లో భాగమైపోయింది.

ఈ దారిలో ఇంకో అడుగు వేసి షాఫ్టునే తీసేసిన పంపు డీ5. లైంగ్ అనే జర్మన్ సంస్థ తెచ్చింది. ఆ సంస్థ ఇప్పుడు జైలమ్‌లో భాగం. పీసీ కూలింగ్ చేసేవాళ్లలో దీని పేరు తెలియనివాళ్లు ఉండరు. 12 వోల్టులు, గరిష్ఠంగా 23 వాట్లు, హెడ్డు నాలుగు మీటర్లకు కాస్త తక్కువ, ఎదురు లేకుండా వదిలేస్తే గంటకు 1,500 లీటర్లు. విప్పి చూడండి, సరదాగా ఉంటుంది. పై రింగు మర తిప్పితే మూత వస్తుంది, దాని కింద నల్ల ఓ-రింగు. నడుమ ఇంపెల్లరు. వేళ్లతో పట్టి పైకి లాగితే అయస్కాంతం వెనక్కి గుంజుతుంది, కాస్త ఒడుపుగా లాగాలి. చేతిలోకి వచ్చేది ఇంపెల్లరూ రోటరూ కలిసిన ఒకే ముక్క, అడుగున కొబ్బరి చిప్ప ఆకారం. అది వదిలిన గిన్నె మధ్యలో చిన్న సిరామిక్ బంతి మెరుస్తూ కనిపిస్తుంది. బేరింగంటే అదే. రోటరు అడుగున ఉన్న చిన్న గుంట ఆ బంతి మీద కూర్చుని బొంగరంలా తిరుగుతుంది. కింద పడిపోకుండా, పైకి లేవకుండా అయస్కాంతపు లాగుడే పట్టి ఉంచుతుంది. ఇక్కడ అరుగుదల గురించి ఒక మాట చెప్పాలి. షాఫ్టు బుష్ అరిగితే లూజు పెరిగి రోటరు ఊగుతుంది, గోడకు రాసుకుంటుంది. బంతి మీది గుంట అరిగితే రోటరు ఆ మేరకు కిందికి దిగి మళ్లీ సర్దుకుని కూర్చుంటుంది. అరుగుదలను తనే సరిచేసుకునే బేరింగు అది. రాపిడి జరిగేది అక్షానికి దగ్గర్లో కాబట్టి అక్కడి వేగమూ తక్కువే.

దీనికీ ఒక షరతుంది. మోటారు పైకి, ఇంపెల్లరు కిందికి ఉండేలా తల్లకిందులుగా బిగించకూడదు. గిన్నె బోర్లించినట్టవుతుంది, గాలి బుడగలు సరిగ్గా బంతి దగ్గర చేరతాయి, కందెన పోతుంది. మోటారు కిందికి ఉండేలా నిలువుగా గానీ పక్కకు పడుకోబెట్టి గానీ పెట్టుకోవచ్చు.

ప్రవాహం తగ్గించడానికి వాల్వు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. తీసేయండి. వాల్వు మూయడమంటే యాక్సిలరేటరు తొక్కి పట్టి బ్రేకు వేయడం. వేగం తగ్గిస్తే ప్రవాహం అదే నిష్పత్తిలో, హెడ్డు వర్గంలో, శక్తి ఘనంలో తగ్గుతాయి. చుట్లు 80 శాతానికి దించితే శక్తి 51 శాతమే. ఎంత వేగంగా తిరగాలో పంపుకు చెప్పే పీడబ్ల్యూఎం తీగ ఒకటి, తిరుగుతున్న వేగం చెప్పే ట్యాకో తీగ ఒకటి చాలు.

పంపు ఆగిపోతుందన్న భయంతో రెండు పెట్టాలనుకుంటే, చిన్న లూపులో వరసగా, ఒకదాని వెనక ఒకటి పెట్టండి. ఒకటి ఆగినా రెండోది దాని ఇంపెల్లరు గుండానే నీళ్లు తోస్తుంది. పక్కపక్కన సమాంతరంగా పెడితే, ఆగిన పంపులోంచి నీళ్లు వెనక్కి తిరిగి అక్కడక్కడే చుట్టూ తిరుగుతాయి, బ్లాకులకు చేరవు. దాన్ని ఆపడానికి ఒక్కో పంపుకూ చెక్ వాల్వు, ఆ వాల్వులో ఒక రెక్క, ఆ రెక్క ఇరుక్కోవడం. తేలిక చేద్దామని మొదలుపెట్టి మళ్లీ మొదటికి. వరసలో రెండు పెడితే ప్రవాహం రెట్టింపవుతుందని మాత్రం ఆశపడొద్దు. హెడ్డు కలుస్తుంది, ప్రవాహం 1.4 రెట్లకు లోపే పెరుగుతుంది.

రెడీమేడ్ ఆల్ ఇన్ వన్ కూలర్లు ఇంకో దారి పట్టాయి: పంపును బ్లాకు నెత్తిన కూర్చోబెట్టి, విడి రిజర్వాయరు తీసేశాయి. భాగాల లెక్కలో ఇంతకంటే తగ్గించడం కష్టం. బరువు ఎవరి మీద పడిందంటే రేడియేటరు మీద. రబ్బరు గొట్టాల గోడల్లోంచి నీళ్లు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరై పోతూనే ఉంటాయి, ఆ మేరకు లోపల గాలి పెరుగుతుంది. ఆ గాలి ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తైన చోటే చేరుతుంది. ఆ చోటు రేడియేటరు పైభాగం అయితే ఇబ్బంది లేదు, అదే రిజర్వాయరు పని చేస్తుంది. రేడియేటరు కేసు అడుగున పెట్టి పంపు పైన ఉంటే గాలి పంపులోకే చేరుతుంది. గలగల మొదలవుతుంది, బేరింగు ఎండిపోతుంది.

ఇదంతా వాటున్నర పంపు కథ. సుమారు 120 కిలోవాట్లు తీసుకునే ఏఐ సర్వర్ ర్యాకుకు ఇదే సూత్రం వర్తించదు. కిలోవాటుకు నిమిషానికి లీటరున్నర చొప్పున 180 లీటర్లు పారాలి. నష్టం 200 కిలోపాస్కల్స్ అనుకుంటే నీటి మీదే 600 వాట్లు. 50 శాతం సామర్థ్యమున్న పంపు 1,200 వాట్లు లాగితే, 65 శాతం పంపు 920 చాలంటుంది. ఏడాదికి 2,400 యూనిట్ల పైన తేడా. అక్కడ శంఖం కేసింగుకూ వంపు బ్లేడ్లకూ పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. సమాంతరంగా పంపులూ చెక్ వాల్వులూ కూడా అక్కడ తప్పవు, నడుస్తుండగానే ఒకదాన్ని ఊడదీసి మార్చాలి కాబట్టి.

నీళ్ల సంగతి. బోరు నీళ్లు వద్దు, మున్సిపల్ కుళాయి నీళ్లు వద్దు, ఇంట్లో ఆర్వో నీళ్లూ వద్దు, వాటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. సున్నపు పొర ముందు చేరేది బ్లాకులోని సన్నటి రాగి రెక్కల మధ్య, తర్వాత రోటరుకూ గోడకూ మధ్య. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ సీలు వేసిన క్యాన్‌లో కొనండి. విడిగా పోయించుకోవద్దు, పక్కనే ఆసిడ్ డబ్బా ఉంటుంది. దాంట్లో తుప్పు నిరోధకమూ పాచి పట్టకుండా మందూ కలపాలి. 25 శాతం ప్రొపిలిన్ గ్లైకాల్ కలిపి వచ్చే రెడీమేడ్ ద్రవం వాడితే పాచి బెడద ఉండదు గానీ అది నీళ్లకంటే దాదాపు రెండింతలు చిక్కన, సన్న కాలువల్లో నష్టం ఆ మేరకు పెరుగుతుంది. పైన వేసిన 22 కిలోపాస్కల్స్ లెక్క మళ్లీ వేసుకోవాలి. రాగి బ్లాకుతో అల్యూమినియం రేడియేటరు కలపొద్దు. కొత్త రేడియేటరులో టంకం ఫ్లక్స్ మిగిలి ఉంటుంది, వేడి డిస్టిల్డ్ వాటరుతో రెండు మూడుసార్లు కడగండి. వర్క్‌షాపుల్లో ఇనుప ట్యాంకులతో నడిచే లూపులకు ఇంకో చిక్కుంది. తుప్పులోని నల్లపొడిని రోటరు అయస్కాంతం లాగి ఒంటికి పట్టించుకుంటుంది. విప్పితే రోటరు నిండా కాటుక పూసినట్టుంటుంది. గోడతో రాసుకుంటూ రోటరును పట్టేసేది ఆ కాటుకే. ఇనుము తీసేయడం మేలు. కుదరకపోతే పంపుకు ముందు అయస్కాంత ఫిల్టరు పెట్టాలి.

నింపేటప్పుడు: ముందు ఖాళీ లూపులో 0.5 బార్ గాలి పట్టించి అరగంట ఆగండి, గేజి ముల్లు కదలకూడదు. రిజర్వాయరు పంపు కంటే పైన ఉండాలి, దాని అడుగునుంచి నీళ్లు నేరుగా పంపు నోట్లోకి దిగాలి. మదర్‌బోర్డు కరెంటు తీసేసి, పవర్ సప్లై 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపితే పంపు ఒక్కటే తిరుగుతుంది (కొత్త సప్లైల్లో తీగలన్నీ నలుపే కాబట్టి పిన్ను నంబరు చూసుకోండి, 16). అయిదారు సెకన్లు తిప్పడం, ఆపడం, రిజర్వాయరు నింపడం, మళ్లీ తిప్పడం. ఒక్కసారే వదిలేస్తే రిజర్వాయరు ఖాళీ అయి పంపు గాలి మింగుతుంది. నిండాక కేసును నాలుగు వైపులా వంచుతూ గంటసేపు నడపండి.

తర్వాత ఎప్పుడైనా తేడా చేస్తే విప్పకముందే చుట్లూ కరెంటూ రెండూ చూడండి. చుట్లు పెరిగి కరెంటు బాగా పడిపోతే పంపులో గాలి ఉంది. చుట్లు కాస్త పెరిగి, కరెంటు కాస్త తగ్గి, బ్లాకు వేడెక్కుతుంటే రెక్కలు మూసుకుపోయాయి లేదా గొట్టం నలిగింది. చుట్లు తగ్గి కరెంటు పెరిగితే రోటరు ఎక్కడో రాసుకుంటోంది. చుట్లు సున్నా దగ్గరే ఉండి, రెండు మూడు సెకన్లకోసారి టిక్కుమంటుంటే రోటరు ఇరుక్కుంది, డ్రైవర్ (మోటారును నడిపే సర్క్యూటు) లేపే ప్రయత్నం చేస్తోంది. సెన్సర్లు తీసేసిన మోటార్లలో ఇది ఎక్కువ, ఎందుకంటే తిరగడం మొదలయ్యేదాకా రోటరు ఏ దిక్కున ఉందో డ్రైవరుకు తెలియదు. విప్పి, రోటరు లాగి, బంతినీ గుంటనూ మెత్తటి గుడ్డతో తుడవండి. సున్నపు పొర ఉంటే పలచటి వెనిగర్‌లో కాసేపు నానబెట్టి డిస్టిల్డ్ వాటరుతో కడగండి. స్క్రూడ్రైవరుతో గీకితే గోడకు గీత పడుతుంది. మూత బిగించే ముందు ఓ-రింగు కొత్తది వేసి, ఒక చుక్క సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలియం జెల్లీ రాస్తే ఈపీడీఎం రబ్బరు ఉబ్బిపోతుంది.